85 సెంట్లు ఎక్కడినుంచి వచ్చాయి?

2004 చివర్లో నేను న్యూయార్కు రాష్ట్రం ఉత్తర భాగంలో ఒక ప్రైవేటు విశ్వవిద్యాలయంలో ఎమ్మెస్ చదువుతూ, అక్కడి భోజనశాలలో గిన్నెలు కడిగేవాణ్ణి. కాకినాడలో ఇంజనీరింగు చదివిన నాలుగేళ్ళూ తాగిన గ్లాసు కూడా ఎత్తి ఎరగని నేను, అమెరికా వచ్చిన మూడో నెలకే పెద్ద పెద్ద బూరెల మూకుళ్ళంత పెనాలు తోమడంలో ఆరితేరాను. గంటకి 5 డాలర్ల 15 సెంట్లు. విద్యార్థి వీసా మీద వారానికి ఇరవై గంటలకి మించి పని చెయ్యకూడదు కనుక, నెల ఆదాయం ఎంతో లెక్క కట్టడానికి ఇంజనీరింగు పట్టా అక్కర్లేదు.

జనవరి నెలలో వచ్చిన జీతం కాగితంలో గంట రేటు దగ్గర 6 డాలర్లు అని ఉంది. నేను పెనాలు తళతళలాడిస్తున్నది చూసి మా సూపర్వైజరు ముచ్చటపడి పెంచాడు కాబోలనుకున్నాను. వెళ్ళి వినయంగా కృతజ్ఞతలు చెప్పుకున్నాను. ఆయన పెద్దగా నవ్వి, "నాకు కాదు, ఆల్బనీకి చెప్పుకో" అన్నాడు.

ఆల్బనీ అంటే న్యూయార్కు రాష్ట్ర రాజధాని. అప్పటికి నా దృష్టిలో ఆల్బనీ అంటే బస్సు మారే ఊరు మాత్రమే. వారానికి అదనంగా వచ్చిన 17 డాలర్లని రూపాయల్లోకి మార్చుకుని (ఏడు వందల చిల్లర!) సంతోషించి, ఆ సంగతి అంతటితో మరిచిపోయాను.

పధ్నాలుగేళ్ళు గడిచాయి. 2018 వేసవిలో పౌరసత్వ ప్రమాణం చేశాను. ఆ నవంబరులో మొదటిసారి ఓటు వెయ్యడానికి మా పక్క వీధిలోని ప్రాథమిక పాఠశాలకి వెళ్ళాను. చేతిలో పెట్టిన బేలట్ కాగితం చూసి తికమక పడ్డాను. గవర్నరు పదవికి పోటీ చేస్తున్న ఆండ్రూ క్యూమో పేరు ఒకసారి కాదు, నాలుగుసార్లు అచ్చయి ఉంది. ఆయన ప్రత్యర్థి మార్కస్ మొలినారో పేరు మూడుసార్లు. మా వృత్తిలో ఇలాంటివాటిని డూప్లికేట్ రికార్డులంటారు. వాటిని ఏరి పారెయ్యడానికి రాత్రిళ్ళు మేలుకుంటాం. ఇంత పెద్ద రాష్ట్రం వాళ్ళు బేలట్‌ని పరీక్షించకుండానే అచ్చు వేసేశారా అనుకున్నాను. అక్కడున్న పెద్దావిడని అడిగితే, "తప్పేమీ లేదు, ఆయన పేరు ఎదురుగా ఏదో ఒక వరుసలో నింపండి, చాలు" అంది. పైవరుసలో నింపి వచ్చేశాను. కానీ ఇంజనీరు బుద్ధి ఊరుకోదు కదా. ఏ వరుసలో వేసినా ఒకటే అయితే నాలుగు వరుసలెందుకు?

ఈ ప్రశ్నకి జవాబు వెతుక్కుంటూ వెళితే, చివరికి పధ్నాలుగేళ్ళనాటి నా 85 సెంట్ల దగ్గర తేలాను. ఆ కథ మీతో పంచుకోవడమే ఈ వ్యాసం ఉద్దేశ్యం. నేను రాజకీయశాస్త్రం చదువుకున్నవాణ్ణి కాను. ఏ పార్టీకీ ప్రచారం చెయ్యడం కూడా నా పని కాదు. ఒక చిన్న పార్టీ, శాసనసభలో చెప్పుకోదగ్గ బలం లేకుండానే, రాష్ట్రం చేసే చట్టాన్ని ఎలా కదిలించగలదో అర్థం చేసుకునే ప్రయత్నం మాత్రమే ఇది.

ఒకే అభ్యర్థి, రెండు గుర్తులు

న్యూయార్కులో ఒక అభ్యర్థిని ఒకటి కంటే ఎక్కువ పార్టీలు నిలబెట్టవచ్చు. ఒక్కొక్క పార్టీకి బేలట్ మీద ఒక్కొక్క వరుస. అభ్యర్థి పేరు అన్ని వరుసల్లోనూ కనిపిస్తుంది. ఏ వరుసలో పడిన ఓట్లు ఆ పార్టీ పేరున విడిగా లెక్కపెడతారు. తర్వాత అన్నీ కలిపి అభ్యర్థి ఖాతాలో వేస్తారు. ఇంగ్లీషులో దీన్ని ఫ్యూజన్ ఓటింగ్ అంటారు. మనం 'ఉమ్మడి అభ్యర్థిత్వం' అనుకుందాం. ఎవరైనా పొరపాటున ఒకే మనిషికి రెండు వరుసల్లోనూ నింపితే ఏమవుతుందని మీకు అనుమానం రావచ్చు. ఒక్క ఓటుగానే లెక్క. అది ముందున్న వరుస పార్టీకి చెందుతుంది.

లెక్క విడిగా పెట్టడంలోనే అసలు కీలకం ఉంది. 1960 ఎన్నికల్లో జాన్ కెనెడీ న్యూయార్కు రాష్ట్రంలో నిక్సన్ మీద 3 లక్షల 83 వేల పైచిలుకు ఓట్ల తేడాతో గెలిచాడు. అందులో లిబరల్ పార్టీ అనే చిన్న పార్టీ వరుసలో పడిన ఓట్లు 4 లక్షల 6 వేలు. 1980లో రోనాల్డ్ రేగన్ ఇదే రాష్ట్రంలో కార్టర్ మీద లక్షా 65 వేల తేడాతో గెలిచాడు. ఆయనకి కన్సర్వేటివ్ పార్టీ వరుసలో పడినవి 2 లక్షల 56 వేలు. అంటే రెండుసార్లూ చిన్న పార్టీ వరుసలో పడిన ఓట్లు గెలుపు తేడా కంటే ఎక్కువ.

ఆ వరుసే లేకపోతే ఆ ఓట్లన్నీ పోయేవని చెప్పలేం. చాలామంది పెద్ద పార్టీ వరుసలోనే వేసి ఉండేవాళ్ళు. కానీ ఎన్ని పోయేవో, ఎన్ని నిలిచేవో ఎవరికీ తెలియదు. తెలియకపోవడమే చిన్న పార్టీ బలం. రెండు వేల తేడాతో గట్టెక్కిన శాసనసభ్యుడు, తనకి చిన్న పార్టీ వరుసలో మూడు వేల ఓట్లు పడ్డాయని చూసుకుంటే, ఆ పార్టీ వాళ్ళు ఫోను చేసినప్పుడు తప్పకుండా ఎత్తుతాడు.

పొత్తుకీ దీనికీ తేడా

"ఇదేం కొత్త? మన పొత్తులే కదా!" అన్నారు మా నాన్నగారు, నేను రాజమండ్రికి ఫోను చేసి ఇదంతా ఉత్సాహంగా వివరిస్తే. నేనూ మొదట అలాగే అనుకున్నాను. తీరా ఆలోచిస్తే పెద్ద తేడా ఉంది.

మన దగ్గర పొత్తంటే సీట్లు పంచుకోవడం. 2004లో ఆంధ్రప్రదేశ్‌లో కాంగ్రెసు, తెరాస, వామపక్షాలు అలాగే పంచుకున్నాయి. 2009లో తెలుగుదేశం మహాకూటమి కట్టినప్పుడూ అంతే. మిత్రపక్షానికి వదిలేసిన నియోజకవర్గంలో చిన్న పార్టీ గుర్తు మీటల మీద కనబడదు. అక్కడ ఆ పార్టీ వాళ్ళు వేసిన ఓట్లు మిత్రపక్షం ఓట్లలో కలిసిపోతాయి. 'మా వల్లే గెలిచావు' అని చిన్న పార్టీ అంటుంది, 'మీకక్కడ ఎన్ని ఓట్లున్నాయి?' అని పెద్ద పార్టీ అంటుంది. ఇద్దరి దగ్గరా రుజువుండదు. ఉమ్మడి అభ్యర్థిత్వంలో అయితే రుజువు ఎన్నికల అధికారులే అచ్చువేసి ఇస్తారు.

ఇక ఒంటరిగా పోటీ చేస్తే ఏమవుతుందో మనకి తెలిసినదే. 2009లో లోక్‌సత్తా పార్టీ ఒంటరిగా నిలబడింది. ఇక్కడి తెలుగువాళ్ళలో ఎంతోమంది రాత్రిళ్ళు మేలుకుని ఊళ్ళోవాళ్ళకి ఫోన్లు చేశారు, నేనూ చేశాను. చివరికి కూకట్‌పల్లిలో జయప్రకాశ్ నారాయణ్ గారు ఒక్కరే గెలిచారు. ఆ ఎన్నికల సంగతి ఇన్నాళ్ళకి మళ్ళీ వస్తే నాన్నగారు చెప్పిన మాట ఇది: "నువ్వు చెప్పావని వాళ్ళకే వేద్దామనుకున్నానురా. తీరా లోపలికి వెళ్ళాక, మురిగిపోయే ఓటు ఎందుకులే అని వేరేవాళ్ళకి వేసేశాను."

కన్నకొడుకు అమెరికా నుంచి అన్నిసార్లు ఫోను చేసి బతిమాలితేనే ఓటు మురిగిపోతుందన్న భయం పోలేదు. ఎక్కువ ఓట్లు వచ్చినవాడే గెలిచే పద్ధతి ఉన్నచోటల్లా చిన్న పార్టీల గొంతు నులిమేది ఈ భయమే. ఇష్టమైనవాడికి వేస్తే ఇష్టంలేనివాడు గెలుస్తాడేమో అన్న శంక. ఉమ్మడి అభ్యర్థిత్వం ఆ శంకని తీసేస్తుంది. గెలవగలిగినవాడికే ఓటు వేస్తూ, 'ఎందుకు వేస్తున్నానో' కూడా పక్కనే రాసినట్టవుతుంది.

ఒకప్పుడు అంతటా, ఇప్పుడు కొన్నిచోట్ల

పంతొమ్మిదో శతాబ్దంలో ఈ పద్ధతి అమెరికాలో చాలా రాష్ట్రాల్లో ఉండేది. 1890లలో రైతుల పక్షాన పుట్టిన పాపులిస్టు పార్టీ దీన్ని బాగా వాడుకుంది. అది చూసి, అధికారంలో ఉన్నవాళ్ళు ఒక్కొక్క రాష్ట్రంలోనే దీన్ని నిషేధిస్తూ వచ్చారు. న్యూయార్కు, కనెక్టికట్ వంటి కొద్ది రాష్ట్రాల్లో మాత్రం మిగిలింది. 1997లో మిన్నెసోటా నిషేధం మీద న్యూ పార్టీ అనే చిన్న పార్టీ వేసిన దావా సుప్రీం కోర్టు దాకా వెళ్ళింది. రాష్ట్రాలకి నిషేధించే హక్కు ఉందని 6–3 తేడాతో తీర్పు వచ్చింది.

దేశమంతటా తలుపులు మూసుకున్నాక, తెరిచి ఉన్న చోటికి వెళ్ళడమే మార్గం. మరుసటి సంవత్సరమే, అంటే 1998లో, కొన్ని కార్మిక సంఘాలూ పేదల బస్తీల్లో పనిచేసే సంఘాలూ కలిసి న్యూయార్కులో వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీని స్థాపించాయి. శ్రామిక కుటుంబాల పార్టీ అని తెలుగు చేసుకోవచ్చు. అప్పటి నియమం ప్రకారం, గవర్నరు ఎన్నికలో 50 వేల ఓట్లు తెచ్చుకున్న పార్టీకి నాలుగేళ్ళపాటు బేలట్ మీద వరుస దక్కుతుంది. ఆ ఏడు ఈ పార్టీ వరుసలో పడినవి 51 వేల పైచిలుకు. అంచు మీద నడిచి బయటపడ్డారన్నమాట. 2002 గవర్నరు ఎన్నికలో డెమొక్రాట్ కార్ల్ మెకాల్‌ని బలపరిచినప్పుడు ఆ సంఖ్య సుమారు 90 వేలకి పెరిగింది. మెకాల్ చిత్తుగా ఓడిపోయాడు. వరుస మాత్రం నిలిచింది.

2004, ఆల్బనీ

ఇప్పుడు నా జీతం కాగితం దగ్గరికి వద్దాం.

1997 నుంచీ దేశమంతటా కనీస వేతనం గంటకి 5 డాలర్ల 15 సెంట్ల దగ్గర ఆగిపోయి ఉంది. కేంద్రం పెంచకపోయినా రాష్ట్రాలు తమ హద్దుల్లో పెంచుకోవచ్చు. న్యూయార్కు శాసనసభకి రెండు సభలు. దిగువ సభ అసెంబ్లీ, అందులో డెమొక్రాట్లది ఆధిక్యం. వాళ్ళు వేతనం పెంచుదామనే అనేవాళ్ళు. ఎగువ సభ సెనేట్ రిపబ్లికన్ల చేతిలో ఉంది; బిల్లు అక్కడికి వెళ్ళి ఆగిపోయేది. గవర్నరు జార్జ్ పటాకీ కూడా రిపబ్లికనే. మామూలు లెక్కలో ఈ బిల్లు గట్టెక్కే దారి లేదు.

వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీకి సెనేట్‌లో సొంత మనిషంటూ ఒక్కరూ లేరు. ఉన్నది వరుస ఒక్కటే. ఆ వరుస ఎక్కడ ఎక్కువ ధర పలుకుతుందో వాళ్ళు చూశారు. న్యూయార్కు నగరం చుట్టుపక్కల కొన్ని సెనేట్ స్థానాల్లో రిపబ్లికన్లు గెలుస్తున్నా, ఓటర్లు మెల్లగా డెమొక్రాట్ల వైపు జరుగుతున్నారు. అక్కడ గెలుపోటముల తేడా పలచబడుతోంది. అలాంటి చోట ఒక రిపబ్లికన్ సెనేటరుకి శ్రామికుల పేరున్న వరుస దొరికితే, రిపబ్లికన్ వరుసలో చచ్చినా వెయ్యని నాలుగు ఓట్లు పడతాయి. ఆ వరుస కావాలా? అయితే కనీస వేతనం సంగతేమిటి?

ఈ బేరం తగిలిన వాళ్ళలో ముఖ్యుడు యాంకర్స్ ప్రాంతం సెనేటరు నిక్ స్పానో. ఆయన వేతనం బిల్లుకి మద్దతిచ్చాడు. పార్టీ ఆయనకి వరుస ఇచ్చింది. ఆ వేసవిలో సెనేట్ బిల్లుని ఆమోదించింది. గవర్నరు పటాకీ వీటో చేశాడు. వీటోని తోసిపుచ్చాలంటే రెండు సభల్లోనూ మూడింట రెండు వంతుల మద్దతు ఉండాలి. అసెంబ్లీ తోసిపుచ్చింది. డిసెంబరులో, రిపబ్లికన్ల ఆధిక్యమున్న సెనేట్ కూడా తమ పార్టీ గవర్నరు మాటనే తోసిపుచ్చింది. 2005 జనవరి 1 నుంచి 6 డాలర్లు, 2006లో 6 డాలర్ల 75 సెంట్లు, 2007లో 7 డాలర్ల 15 సెంట్లు అని చట్టమైంది.

మరి స్పానో? ఆయన ఎన్నిక లెక్కింపు కోర్టులచుట్టూ తిరిగి 2005 ఫిబ్రవరిలో తేలింది. గెలిచింది 18 ఓట్ల తేడాతో. పద్దెనిమిది వందలు కాదు, పద్దెనిమిది. వర్కింగ్ ఫ్యామిలీస్ వరుసలో ఆయనకి పడిన ఓట్లు అంతకంటే ఎన్నో రెట్లు ఎక్కువ.

ఇదంతా ఒక్క పార్టీ ఘనతే అంటే అతిశయోక్తి అవుతుంది. కార్మిక సంఘాలు ఏళ్ళ తరబడి పోరాడాయి. అసెంబ్లీ స్పీకరు షెల్డన్ సిల్వర్ పట్టుబట్టాడు. సెనేట్ నాయకుడు జోసెఫ్ బ్రూనో గాలివాటు గమనించాడు. కానీ ఆగిపోయిన బండికి చిన్న తోపు ఎక్కడ ఇవ్వాలో కనిపెట్టింది మాత్రం ఈ చిన్న పార్టీయే.

ఈ బేరంలో చేదు కూడా ఉంది. ఆ 18 ఓట్లతో ఓడిపోయిన డెమొక్రాటిక్ అభ్యర్థి ఆండ్రియా స్టూవర్ట్-కజిన్స్. ఆ పార్టీ ఆశయాలకి స్పానో కంటే ఆవిడే దగ్గరన్నవాళ్ళున్నారు. ఆవిడ 2006లో మళ్ళీ పోటీచేసి స్పానోని ఓడించి, 2019లో సెనేట్ ఆధిక్య పక్షానికి నాయకురాలైంది. ఆ పదవికి వచ్చిన మొదటి మహిళ ఆవిడే. ఒక మంచి చట్టం కోసం ఒక మంచి అభ్యర్థిని రెండేళ్ళు ఆపడం సబబేనా? నా 85 సెంట్లు అందులో ఇమిడి ఉన్నాయి కనుక తీర్పు చెప్పే అర్హత నాకు లేదు.

పక్క రాష్ట్రమైన కనెక్టికట్‌లో ఇలాంటిదే ఇంకొకటి జరిగింది. 2010 గవర్నరు ఎన్నికలో డెమొక్రాటిక్ వరుస ఓట్లు మాత్రమే చూస్తే డానెల్ మలోయ్ ఓడిపోయినట్టే. వర్కింగ్ ఫ్యామిలీస్ వరుసలో పడిన 26 వేల ఓట్లు కలిపితే 6,404 ఓట్ల తేడాతో గెలిచాడు. మరుసటి ఏడే, సేవారంగంలో పనిచేసేవాళ్ళకి జబ్బు చేసినప్పుడు జీతంతో సెలవు ఇవ్వాలని ఆ రాష్ట్రం చట్టం చేసింది. రాష్ట్రస్థాయిలో అలాంటి చట్టం దేశంలో అదే మొదటిది. ఆ పార్టీ ఏళ్ళుగా అడుగుతున్నదీ అదే.

కుడివైపు వరుస

ఈ పద్ధతి వామపక్షం వాళ్ళ సొత్తేమీ కాదు. నిజానికి న్యూయార్కులో దీన్ని ఎక్కువకాలంగా నడుపుతున్నది 1962లో పుట్టిన కన్సర్వేటివ్ పార్టీ. పన్నులు తగ్గించాలి, ప్రభుత్వ ఖర్చు తగ్గించాలి, సంప్రదాయ కుటుంబాన్ని కాపాడాలి అన్నవి వాళ్ళ ముఖ్య విషయాలు. 1970లో ఈ పార్టీ వరుస మీదే నిలబడి జేమ్స్ బక్లీ అమెరికా సెనేట్‌కి గెలిచాడు.

వాళ్ళ పట్టు ఎంతటిదో 2011లో తెలిసింది. స్వలింగ వివాహాలకి అనుమతినిచ్చే బిల్లు రాష్ట్ర సెనేట్ ముందుకొచ్చింది. దానికి ఓటు వేసిన రిపబ్లికన్ ఎవరికీ తమ వరుస ఇవ్వబోమని కన్సర్వేటివ్ పార్టీ ముందే హెచ్చరించింది. అయినా నలుగురు రిపబ్లికన్లు వేశారు. బిల్లు 33–29 తేడాతో గెలిచింది. తర్వాత ఏమైందంటే, ఆ నలుగురిలో ఒకరు 2012లో పోటీకే దిగలేదు. ఇంకొకరు తన పార్టీ ప్రైమరీలోనే ఓడిపోయారు. మూడో వ్యక్తి స్టీఫెన్ సాలండ్ ఎన్నో ఏళ్ళుగా గెలుస్తున్న మనిషి. కన్సర్వేటివ్ వరుసలో నిలబడిన వేరే అభ్యర్థి ఓట్లు చీల్చడంతో ఆ స్థానం డెమొక్రాట్‌కి పోయింది. నాలుగో ఆయన ఆ ఏడు బయటపడి 2014లో ఓడిపోయాడు.

ఒక వరుస ఇచ్చి చట్టం తెచ్చిన కథ మొదటిది. వరుస తీసేసి శిక్ష వేసిన కథ రెండోది. మొదటిది మీకు నచ్చితే రెండోది నచ్చకపోవచ్చు, రెండోది నచ్చితే మొదటిది నచ్చకపోవచ్చు. పనిముట్టు మాత్రం ఒకటే.

ఇందులోని తిరకాసు

లోపాలు చెప్పకపోతే ఈ వ్యాసం ప్రకటన అయిపోతుంది. మూడు చెబుతాను.

మొదటిది, ద్వారపాలకుల సమస్య. 1947లో వచ్చిన విల్సన్-పకూలా చట్టం ప్రకారం, ఒక పార్టీలో సభ్యుడు కానివాడు ఆ పార్టీ వరుసలో ప్రైమరీకి దిగాలంటే ఆ పార్టీ కమిటీ అనుమతి కావాలి. అంటే కొద్దిమంది నాయకుల చేతిలో తాళంచెవి ఉంటుంది. తాళంచెవి ఉన్నచోట కొనేవాళ్ళుంటారు. 2013లో ఒక డెమొక్రాటిక్ రాష్ట్ర సెనేటరు, న్యూయార్కు మేయరు పదవికి రిపబ్లికన్ వరుస కోసం లంచం ఇవ్వజూపిన కేసులో అరెస్టయ్యాడు. 2015లో నేరం రుజువైంది. అలాగే వెనకటి లిబరల్ పార్టీ చివరి రోజుల్లో ఆశయాల కంటే ఉద్యోగాల పంపకమే చూసుకుందన్న అపకీర్తి మూటగట్టుకుని 2002లో వరుస పోగొట్టుకుంది.

రెండోది, పేరుతో వచ్చే గందరగోళం. ఇండిపెండెన్స్ పార్టీ అని ఒకటుండేది. ఏ పార్టీకీ చెందనివాళ్ళని ఇండిపెండెంట్లంటారు కదా, అలా అనుకుని చాలామంది ఓటరు దరఖాస్తులో ఆ పార్టీ గడి నింపేశారు. మన కొత్త పౌరులు ఇక్కడ జాగ్రత్తగా ఉండాలి.

మూడోది, చిన్న పార్టీ ప్రాణం ఎప్పుడూ పెద్దవాళ్ళ చేతిలోనే ఉంటుంది. 2018లో వర్కింగ్ ఫ్యామిలీస్ పార్టీ క్యూమోని కాదని నటి సింథియా నిక్సన్‌ని బలపరిచింది. ఆవిడ డెమొక్రాటిక్ ప్రైమరీలో ఓడిపోయాక, 50 వేల ఓట్లు తెచ్చుకోకపోతే వరుస పోతుంది కనుక, ఏ క్యూమోని కాదన్నారో ఆయనకే వరుస ఇచ్చారు. నేను తికమకపడిన బేలట్ వెనుక ఇంత కథ ఉంది! అంతటితో ఆగలేదు. 2020 బడ్జెట్‌లో భాగంగా నియమం మార్చేశారు. ఇప్పుడు 50 వేలు చాలవు. లక్షా 30 వేలు గాని, మొత్తం ఓట్లలో 2 శాతం గాని, ఏది ఎక్కువైతే అన్ని ఓట్లు కావాలి. అదీ నాలుగేళ్ళకోసారి కాదు, రెండేళ్ళకోసారి. అధ్యక్ష ఎన్నికలోనూ, గవర్నరు ఎన్నికలోనూ. ఆ దెబ్బకి 2020లోనే గ్రీన్, లిబర్టేరియన్, ఇండిపెండెన్స్ పార్టీలు వరుసలు పోగొట్టుకున్నాయి. మిగిలినవి రెండే: కుడివైపు కన్సర్వేటివ్, ఎడమవైపు వర్కింగ్ ఫ్యామిలీస్. ఆ ఏడు వర్కింగ్ ఫ్యామిలీస్ వరుసలో బైడెన్‌కి 3 లక్షల 80 వేలకు పైగా ఓట్లు పడ్డాయి. 2025 నవంబరులో న్యూయార్కు నగర మేయరుగా గెలిచిన జొహ్రాన్ మమ్దానీ పేరు కూడా డెమొక్రాటిక్ వరుసలోనూ, ఈ వరుసలోనూ కనిపించింది.

మనకెందుకీ గొడవ?

మనలో చాలామందిమి అధ్యక్ష ఎన్నికలప్పుడు వాదించుకున్నంతగా రాష్ట్ర శాసనసభ గురించి మాట్లాడుకోం. మన ప్రాంతం రాష్ట్ర సెనేటరు పేరు చెప్పమంటే తడుముకుంటాం. నేనూ అంతే. కానీ గంట కూలి ఎంత, బిడ్డ పుడితే జీతంతో సెలవు ఉందా లేదా, బడికి నిధులెలా వస్తాయి, డ్రైవింగ్ లైసెన్సు ఎవరికిస్తారు అన్నవన్నీ రాష్ట్రం తేల్చే సంగతులు. పైగా అవి ఓటు లేనివాళ్ళకి కూడా వర్తిస్తాయి. విద్యార్థి వీసా మీదున్న కుర్రాడికీ, హెచ్-1 మీదున్న ఉద్యోగికీ, గ్రీన్ కార్డు కోసం పదిహేనేళ్ళుగా వరుసలో నిలబడ్డ కుటుంబానికీ వర్తిస్తాయి. వాళ్ళ తరఫున ఓటు వేసేది ఓటున్నవాళ్ళే.

మా ఊళ్ళో భారతీయ సరుకుల కొట్టు నడిపే మిత్రుడొకాయన ఉన్నాడు. గుంటూరు మనిషి. ఆయన దగ్గర ఆరుగురు పనిచేస్తారు. మా ప్రాంతంలో కనీస వేతనం 2026 జనవరి నుంచి గంటకి 17 డాలర్లయింది. నా 85 సెంట్ల కథ చెబితే ఆయన మండిపడ్డాడు. "నీకేమయ్యా, నీ జీతం ఇంకెవడో ఇస్తాడు. నేను ఆరుగురికి ఇవ్వాలి. పక్కన పెద్ద స్టోరు వాడు మిషన్లు పెట్టుకుంటాడు, నేనేం పెట్టుకోను? గోంగూర కట్ట మీద అర డాలరు పెంచితే మీ ఆవిడే ముందు మొహం ముడుచుకుంటుంది" అన్నాడు. ఆ చివరి మాట నిజమే. ముందు మాటలకి కూడా నా దగ్గర పూర్తి జవాబు లేదు. గిన్నెలు కడిగిన కుర్రాడి లెక్క నాకు తెలుసు. కొట్టు యజమాని లెక్క ఆయనకి తెలుసు.

కానీ 2022 గవర్నరు ఎన్నికలప్పుడు మేమిద్దరం ఒక పని చేశాం. కూర్చుని బేలట్ నమూనా చూసుకున్నాం. ఆయన తన అభ్యర్థికే వేశాడు, కాకపోతే కన్సర్వేటివ్ వరుసలో. నేను నా అభ్యర్థికే వేశాను, కింద వర్కింగ్ ఫ్యామిలీస్ వరుసలో. ఒకరి ఓటు ఒకరం కొట్టేసుకున్నామని వాళ్ళావిడ నవ్వింది. కొట్టేసుకోలేదు. గెలుపోటముల లెక్కలో చెల్లుకి చెల్లు అయి ఉండవచ్చు గాని, ఎవరికి ఏం కావాలో ఆ రెండు వరుసల్లో విడివిడిగా నమోదయింది.

నాన్నగారికి ఈ మధ్య మళ్ళీ ఫోను చేసినప్పుడు ఇంకో లెక్క చెప్పాను. 2002లో సుమారు 90 వేలమంది న్యూయార్కు వాళ్ళు, అప్పటి పాత యంత్రాల మీద, కింది వరుసలో మీట దించారు. వాళ్ళ అభ్యర్థి ఓడిపోయాడు. మీ లెక్కలో అవి మురిగిపోయిన ఓట్లే. కానీ ఆ ఓట్లు ఆ వరుసని నిలబెట్టాయి. ఆ వరుస కోసం రెండేళ్ళ తర్వాత ఒక సెనేటరు మనసు మార్చుకున్నాడు. బిల్లు చట్టమైంది. ఓటు హక్కు లేని, వాళ్ళెవరో కూడా తెలియని రాజమండ్రి కుర్రాడొకడి జీతం కాగితంలో 85 సెంట్లు పెరిగాయి.

నాన్నగారు కాసేపు మాట్లాడలేదు. తర్వాత, "ఆ డబ్బుల్తోనేనా అప్పట్లో వారానికి రెండుసార్లు ఫోను చేసేవాడివి?" అన్నారు.

ఫోను కార్డు అప్పట్లో అయిదు డాలర్లు. అవును, ఆ డబ్బుల్తోనే.